ఉసిరికాయ ఆరోగ్యానికి ఎంతవరకు మేలు? తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకం మొదలైందంటే మొండా మార్కెట్లో, గుడిమల్కాపూర్‌లో, మెహదీపట్నం రైతుబజార్లో ఎక్కడ చూసినా ఉసిరికాయల గుట్టలే. ఆ నెల నుంచి మాఘం దాకా నా దగ్గరికి వచ్చేవాళ్ళు తప్పకుండా అడిగేది కూడా ఉసిరి గురించే. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఆహార సలహాలు చెప్పే పనిలో ఉన్నాను. అడిగిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఉసిరి అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆ ఇష్టంతోనే దాని మేలూ చెప్తాను, హద్దులూ చెప్తాను.

మీరు చెప్పేది ఏ ఉసిరి గురించి? చాలా రకాలు ఉన్నాయి కదా?

ఇది ముందు తేల్చుకోవాల్సిన విషయమే. ఉసిరి అనే పేరుతో మన దగ్గర మూడు తిరుగుతుంటాయి.

పచ్చడి పెట్టేది, కార్తీకంలో దీపం వెలిగించేది, త్రిఫలలో పడేది పెద్ద ఉసిరి. శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ ఎంబ్లికా, సంస్కృతంలో ఆమలకి. గుండ్రంగా, నున్నగా, లేత ఆకుపచ్చ పసుపు రంగులో, పైన ఆరు సన్నని గీతలతో ఉంటుంది. ఈ పేజీ అంతా దీని గురించే.

గీతలు లోతుగా ఉండి చిన్న గుమ్మడికాయల్లా కొమ్మలకు గుత్తులుగా వేలాడేది వేరే చెట్టు. బాగా పులుపు, వగరు తక్కువ. ఉప్పూకారం అద్దుకుని తినడానికి బాగుంటుంది కానీ వైద్యగ్రంథాల్లో చెప్పిన ఆమలకి అది కాదు.

మూడోది నేల ఉసిరి. వానాకాలంలో గోడల పక్కన, కుండీల్లో దానంతటదే మొలిచే జానెడు మొక్క. ఆకు కింద ఆవగింజలంత కాయలుంటాయి. కామెర్లకు పల్లెల్లో వాడేది ఇదే. బేగంబజార్లో "ఉసిరి పొడి" అని అడిగి నేల ఉసిరి పొడి తెచ్చుకుని, నెల రోజులు పొద్దున్నే మజ్జిగలో కలుపుకుని తాగిన ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. ఆమెకేమీ కాలేదు కానీ ఆ రెండూ ఒకటి కావు. కొనేటప్పుడు "పెద్ద ఉసిరికాయ పొడి, పచ్చడి కాయ" అని విడమరిచి అడగండి.

విటమిన్ సి నిజంగా అంత ఉంటుందా?

ఉంటుంది. అయితే వాట్సాప్‌లో తిరిగే "ఇరవై నారింజలకు ఒక ఉసిరి సమానం" అనే లెక్క పట్టుకోకండి.

ఈ లెక్కలకు ఆధారం మన ఊళ్ళోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దేశంలో తినే పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో పట్టికలు వేసేది వాళ్ళే. పాత పట్టికలో 100 గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాముల విటమిన్ సి అని ఉండేది. కొత్త పద్ధతులతో కొలిచి 2017లో వేసిన పట్టికలో అది 252 మిల్లీగ్రాములు. సగానికంటే తగ్గినా ఉసిరి విలువేమీ పడిపోలేదు. అదే పట్టికలో నారింజకు నలభై చిల్లరే ఉంది. జామకాయ మాత్రం రెండు వందలు దాటి ఉసిరికి దగ్గరగా నిలబడుతుంది. ఉసిరి దొరకని నెలల్లో జామకాయ తినమని నేను చెప్పేది అందుకే.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక మోస్తరు కాయలో గింజ పోను 30 గ్రాముల కండ ఉందనుకుందాం. అంటే 75 మిల్లీగ్రాముల విటమిన్ సి. 2020లో అదే సంస్థ చెప్పిన ప్రకారం మగవాళ్ళకు రోజుకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు చాలు. ఒక్క పచ్చి కాయతో ఆ రోజుకి సరిపోయినట్టే.

మరి రోజుకు ఎన్ని తినొచ్చు?

ఒకటి. బాగా ఇష్టమైతే రెండు. అంతకు మించి తింటే ఒంట్లో నిలవ ఉండేదేమీ లేదు, ఎక్కువైన విటమిన్ సి మూత్రంలో పోతుంది. కొందరికి కడుపులో మంట, కొందరికి విరేచనాలు కూడా.

పరగడుపునే తినాలా?

అక్కర్లేదు. నన్నడిగితే మధ్యాహ్నం అన్నంతో పాటు తినడమే మేలు. ఈ మాట కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఉసిరి వల్ల మన ఇళ్ళలో జరగగలిగిన అతి పెద్ద మేలు ఇక్కడే ఉంది.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మనం ఇనుము తిననివాళ్ళమేమీ కాదు. తోటకూర పప్పు, మెంతికూర, జొన్నరొట్టె, రాగిజావ అన్నిట్లోనూ ఇనుము ఉంది. కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుము పేగుల్లో సరిగ్గా ఇంకదు. ధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్లనే పదార్థాలు దాన్ని పట్టేసుకుంటాయి. అదే ముద్దతో విటమిన్ సి లోపలికి వెళ్తే ఇనుమును ఒంటికి పట్టే రూపంలోకి మారుస్తుంది. ఒకే భోజనంలో రెండూ కలవాలి. పొద్దున ఆరింటికి ఉసిరి, మధ్యాహ్నం ఒంటిగంటకు తోటకూర అంటే ఆ లాభం చాలావరకు పోయినట్టే.

కాబట్టి పచ్చి ఉసిరి ముక్కలు పప్పు దించే ముందు వేయండి. లేదా తురిమి పెరుగుపచ్చడిలో కలపండి. పిల్లల డబ్బాలో నాలుగు ముక్కలు పెట్టండి. ఇంకొకటి, అన్నం తిన్న వెంటనే ఇరానీ చాయ్ తాగే అలవాటు ఈ ఊళ్ళో చాలామందికి ఉంది. చాయ్‌లోని పదార్థాలు ఇనుమును అడ్డుకుంటాయి. ఒక గంట ఆగి తాగండి. ఉసిరి తిని వెంటనే చాయ్ తాగితే ఇచ్చిన చేత్తోనే లాక్కున్నట్టు.

తిన్నాక నీళ్ళు తాగితే తియ్యగా ఎందుకు ఉంటుంది?

ఉసిరిలోని పులుపూ వగరూ నాలుక మీది రుచి గ్రాహకాలను కాసేపు మార్చేస్తాయి. తర్వాత తాగిన మంచినీళ్ళు తీపి తగులుతాయి. పిల్లలకు పచ్చి ఉసిరి అలవాటు చేయాలంటే ఇదే దారి: ముక్క తినిపించి వెంటనే గ్లాసు చేతికివ్వండి. రెండోసారి వాళ్ళే అడుగుతారు.

ఉసిరి తింటే షుగర్ తగ్గుతుందా?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. చాలా జాగ్రత్తగా జవాబు చెప్పాల్సిందీ ఇదే.

పరిశోధనలు లేకపోలేదు. మన పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలోనే ఒకటి జరిగింది. టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్ళకు ఉసిరి సారంతో చేసిన మాత్రలు 250 లేదా 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 12 వారాలు ఇచ్చి చూశారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. రక్తనాళాల లోపలి పొర పనితీరు మెరుగుపడింది, చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. ఆశ కలిగించే సంగతే. అయితే అక్కడ ఇచ్చింది ప్రమాణం ప్రకారం తయారుచేసిన సారం. ఇచ్చింది డాక్టర్ల కనుసన్నల్లో, కొద్దిమందికి, మూడు నెలలు మాత్రమే. దాన్నిబట్టి "ఉసిరి రసం తాగితే షుగర్ గోళీ మెట్‌ఫార్మిన్ మానేయొచ్చు" అని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా.

మా పెద్దనాయన సంగతి చెప్తాను. ఆయనకు పదేళ్ళుగా షుగర్. ఇంటికొచ్చి సీసాలు అమ్మే ఒకాయన "ఉసిరి, కాకరకాయ రసం కలిపి తాగండి, మూడు నెలల్లో గోళీల అవసరమే ఉండదు" అని చెప్పి ఆరు సీసాలు అంటగట్టాడు. పెద్దనాయన గోళీలు ఆపేసి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నెలన్నరకు కాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు లేచింది. మానలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి షుగర్ నాలుగొందలు దాటి ఉంది. వేలు దక్కింది కానీ రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఆ సీసాల్లో మిగిలినవి నేనే పారబోశాను. సీసా మీద ఉసిరికాయ బొమ్మ ఎంత నిగనిగలాడుతూ ఉండిందో నాకు ఇప్పటికీ గుర్తు. అప్పటినుంచీ ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళనూ ముందు "గోళీలు వేసుకుంటున్నారా?" అని అడుగుతాను.

పచ్చి ఉసిరి షుగర్ ఉన్నవాళ్ళు హాయిగా తినొచ్చు. తీపి తక్కువ, పీచు ఎక్కువ. మందులతో పాటు రసమో పొడో రోజూ తీసుకోవాలనుకుంటే మీ డాక్టర్‌కు చెప్పండి, షుగర్ మరీ పడిపోకుండా చూసుకోవాలి. ఉసిరి మురబ్బా మాత్రం వద్దు. అది పాకంలో నానిన కాయ.

కొలెస్ట్రాల్, గుండె?

పైన చెప్పిందే. కొంత మేలు ఉన్నట్టు చిన్న పరీక్షల్లో తేలింది. డాక్టర్ రాసిన కొలెస్ట్రాల్ మందు స్టాటిన్‌కు బదులుగా వాడేంత ఆధారం లేదు.

జలుబులు రాకుండా ఆపుతుందా?

జలుబు రాకుండా విటమిన్ సి పెద్దగా ఆపలేదు. రోజూ సరిపడా తీసుకునేవాళ్ళకు వచ్చిన జలుబు కాస్త ముందుగా తగ్గుతుంది. అంతే.

అసిడిటీ ఉన్నవాళ్ళు తినొచ్చా?

ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. ఆయుర్వేదం ఉసిరిని పిత్తం తగ్గించేదిగా చెప్తుంది. ఇరాన్‌లో గుండెమంట ఉన్నవాళ్ళకు నాలుగు వారాలు ఉసిరి మాత్రలు ఇచ్చి చూస్తే మంట తగ్గినట్టు ఒక చిన్న పరీక్షలో తేలింది. మరోవైపు పరగడుపున ఉసిరి రసం తాగి గుండెల్లో మంటతో నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. భోజనంలో సగం కాయతో మొదలుపెట్టండి. పడితే కొనసాగించండి, పడకపోతే బలవంతం వద్దు.

తెల్లజుట్టు నల్లబడుతుందా?

నల్లబడదు. తెల్లబడిన వెంట్రుకకు లోపలినుంచి రంగు తిరిగి తెచ్చే శక్తి ఉసిరికి ఉందని నమ్మకంగా చెప్పగలిగే పరిశోధన లేదు. రక్తహీనత వల్ల జుట్టు రాలుతుంటే, ఉసిరి తినడం వల్ల ఇనుము ఒంటబట్టి కొంత లాభం ఉండొచ్చు. అది నూనె వల్ల వచ్చే లాభం కాదు. ఇక కొట్లో దొరికే "ఆమ్లా" తలనూనెల్లో చాలావాటికి మూలం పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్. సీసా వెనక సన్నక్షరాలు చదివి చూడండి. ఇంట్లో కొబ్బరినూనెలో ఎండు ఉసిరి వేసి కాచుకుంటే కనీసం ఏం రాసుకుంటున్నామో తెలుస్తుంది.

సీసాల్లో అమ్మే రసం మంచిదేనా?

కాయ దొరికే కాలంలో రసం కొనడం ఎందుకో నాకు అర్థం కాదు. పీచు అంతా పిప్పితో పోతుంది. నిలవకోసం సోడియం బెంజోయేట్ లాంటివి కలుపుతారు, కొన్నిట్లో చక్కెర కూడా. తప్పదనుకుంటే చక్కెర లేనిది చూసి, రెండు చెంచాలు గ్లాసు నీళ్ళలో కలిపి తాగండి. నేరుగా తాగితే పళ్ళ మీది ఎనామిల్ అరుగుతుంది. తాగాక నోరు పుక్కిలించండి, వెంటనే బ్రష్ చేయకండి.

ఉసిరి తొక్కులో, పచ్చడిలో విటమిన్లు మిగులుతాయా?

కొంత మిగులుతుంది. కానీ తొక్కు గురించి మాట్లాడాలంటే ముందు ఉప్పు గురించి మాట్లాడాలి.

మా అమ్మమ్మ తొక్కు పెట్టే రోజు ఇల్లంతా ఒక పద్ధతిలో నడిచేది. కాయలు కడిగి పాత నూలు చీర మీద ఆరబోసి, ఒక్కొక్కటి తుడిచి చూసేది. తడి ఉంటే బూజు పడుతుందని మా చేతులు కూడా తుడిపించేది. రోట్లో వేసి రోకలితో ఒక్క పోటు వేస్తే కాయ గీతల వెంబడి పగిలి గింజ బయటపడేది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గింజలు ఏరి, కచ్చాపచ్చాగా దంచి, ఉప్పూ పసుపూ కలిపి జాడీకి ఎత్తి వాసెన కట్టేది. మూడో రోజు తీసి మళ్ళీ నూరి జాడీలో అదిమి పెట్టేది. కావాల్సినప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసుకుని, ఎండుమిర్చి, మెంతులు, వెల్లుల్లి, ఇంగువతో నువ్వులనూనె తాలింపు. ఏడాది దాటి నల్లబడిన తొక్కును దాచి, జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్ళకూ బాలింతలకూ పెట్టేది. అడవిలో ఉసిరికాయ, సముద్రంలో ఉప్పు అన్న సామెత విన్నప్పుడల్లా నాకు ఆ జాడీయే కళ్ళముందు మెదులుతుంది.

ఆ జాడీలో కిలో కాయకు పావుకిలో దాకా ఉప్పు పడేది. ఒక పెద్ద చెంచా తొక్కు వేసుకుంటే రెండు మూడు గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే ఒక్క ముద్దలోనే సగం అయిపోయింది. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్ళకు తొక్కు నంజుకునే వస్తువే తప్ప కలుపుకునే కూర కాదు. బడుల ముందు బండ్ల మీద ఉప్పునీళ్ళలో ఊరబెట్టి అమ్మే కాయలకూ ఇదే మాట. విటమిన్ సి కావాలంటే పచ్చికాయ తినండి. తొక్కు రుచి కోసం తినండి, కొంచెం తినండి.

కోసిన ఉసిరి నల్లబడింది. పాడైనట్టా?

లేదు. ఉసిరికి వగరునిచ్చే టానిన్లు ఇనుప కత్తికి, ఇనుప మూకుడుకు తగిలితే నల్లగా మారతాయి. స్టీలు కత్తి వాడితే ఇంత నలుపు రాదు. బూజు, పుల్లటి కుళ్ళు వాసన ఉంటేనే పారేయండి.

త్రిఫల, చ్యవనప్రాశ, యునానీ మందులు వాడొచ్చా?

త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. మలబద్ధకానికి రాత్రిపూట గోరువెచ్చని నీళ్ళతో తీసుకునే అలవాటు పాతదే. చ్యవనప్రాశకు మూలం ఉసిరే అయినా కొట్లో దొరికేదాంట్లో చక్కెర చాలా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళు లేబుల్ చూడకుండా చెంచా పెట్టొద్దు.

హైదరాబాద్‌లో ఉసిరికి ఇంకో ఇల్లు కూడా ఉంది. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆస్పత్రిలో హకీములు ఆమ్లాను తరతరాలుగా వాడుతున్నారు. జీర్ణానికి ఇచ్చే జవారిష్ ఆమ్లాలో ప్రధానం ఉసిరే. ఇత్రీఫల్ అనే మందుల పేరు మన త్రిఫల నుంచి వెళ్ళిందే. పాతబస్తీ హకీము, పల్లె వైద్యుడు ఒకే కాయను చేతిలోకి తీసుకున్నారన్న సంగతి నాకు ఎంతో సంతోషాన్నిస్తుంది. వాడాలనుకుంటే అక్కడికో, ఎర్రగడ్డ ఆయుర్వేద ఆస్పత్రికో వెళ్ళి చదువుకున్న వైద్యుడికి చూపించుకోండి. మీరు వేసుకునే ఇంగ్లీషు మందుల చీటీ కూడా వెంట తీసుకెళ్ళండి.

రాత్రిపూట, ఆదివారం ఉసిరి తినకూడదంటారు. ఎందుకు?

అది ఆచారం. పాటించేవాళ్ళు పాటించండి, ఆరోగ్యానికి వచ్చే నష్టమేమీ లేదు. వారంలో ఇంకా ఆరు రోజులున్నాయి. రాత్రి పుల్లటివి తిని వెంటనే పడుకుంటే కొందరికి గుండెమంట వస్తుంది కాబట్టి ఆ మాటలో కొంత పనికొచ్చే సంగతి ఉంది. ఆదివారానికి వైద్యపరంగా కారణం లేదు.

గర్భిణులు, పిల్లలు తినొచ్చా?

కాయగా, కూరలో, పప్పులో నిరభ్యంతరంగా. వేవిళ్ళప్పుడు చాలామందికి ఉసిరి ముక్క నోటికి హితవుగా ఉంటుంది. పొడులు, మాత్రలు, సారాలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా వద్దు. చిన్నపిల్లలకు గింజ తీసి తురిమి పెట్టండి. గుండ్రని కాయ, గట్టి గింజ గొంతులో అడ్డంపడే ప్రమాదం ఉంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు. ఉసిరి సారానికి రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గించే గుణం ఉంది, వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతూ ఉసిరి మాత్రలు మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే పొడులూ మాత్రలూ ఆపి, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు కూడా, ఎందుకంటే విటమిన్ సి మోతాదు మించితే ఒంట్లో రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేట్‌గా మారుతుంది. తలసీమియా లాంటి జబ్బులతో ఒంట్లో ఇనుము పేరుకునేవాళ్ళు భోజనంతో ఉసిరి తినే ముందు తప్పక అడగాలి. మిగతావాళ్ళకు మేలు చేసే గుణమే వాళ్ళకు చేటు చేస్తుంది. వీటిలో ఏదీ పప్పులో వేసిన నాలుగు ముక్కల గురించి భయపెట్టడానికి చెప్పడం లేదు. రోజూ, ఎక్కువ మోతాదులో, మందులా తీసుకునేవాళ్ళ కోసం చెప్తున్నాను.

ఎలాంటి కాయ కొనాలి? ఏడాదంతా ఎలా దాచుకోవాలి?

బరువుగా, గట్టిగా, మచ్చ లేకుండా ఉన్నవి ఏరుకోండి. పెద్దగా నిగనిగలాడేవి తోట కాయలు. చకయ్య, కృష్ణ, కాంచన్ లాంటి ఉత్తరప్రదేశ్ రకాలు ఇప్పుడు అంతటా పెంచుతున్నారు. చిన్నగా, గోలీకాయల్లా ఉండేవి అడవి ఉసిరి. పీచు, వగరు ఎక్కువ. తొక్కుకు నేను అవే వెతుకుతాను.

ఫ్రిజ్‌లో గుడ్డ సంచిలో పెడితే రెండు వారాలు ఆగుతాయి. ఇంకా కావాలంటే సంక్రాంతి లోపే రెండు కిలోలు కొని, కడిగి తుడిచి, స్టీలు కత్తితో గీతల వెంబడి కోసి గింజ తీసేయండి. ముక్కలు పళ్ళెంలో పలుచగా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక డబ్బాలోకి ఎత్తండి. అప్పుడు ఒకదానికొకటి అంటుకోవు. ఎండాకాలంలో పప్పు దించే ముందు గుప్పెడు తీసి నేరుగా గిన్నెలో వేసి మూత పెట్టండి. కరగబెట్టాల్సిన పని లేదు, ఆ వేడికే మెత్తబడతాయి.